చిప్‌ను వర్ణించే రాత: లైనక్స్ కెర్నల్‌లో డివైస్ ట్రీ, దాని సమీక్ష

ఈ భాగం చదివిన తరవాత మీరు డివైస్ ట్రీ ఏ చారిత్రక పరిస్థితుల్లో లైనక్స్‌లోకి వచ్చిందో, దాని సమీక్షకు ఉన్న ప్రాముఖ్యం, పరిమితులు ఏమిటో వివరించగలుగుతారు.

1. నేపథ్యం

పర్సనల్ కంప్యూటర్‌లో పీసీఐ మార్గానికి అమర్చిన పరికరాలు, కెర్నల్ అడిగినప్పుడు తామేమిటో చెప్పుకుంటాయి. మొబైల్ చిప్‌లోని చాలా భాగాలకు ఆ ఏర్పాటు లేదు. ఏ చిరునామాలో ఏ భాగం ఉందో, దానికి ఏ క్లాక్, ఎంత వోల్టేజి కావాలో ముందుగానే ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. ఆ రాత ఎక్కడ ఉండాలి? దాన్ని ఎవరు సరిచూడాలి? ఈ చరిత్రలో ప్రధాన ప్రశ్నలు ఇవే.

2. 2011 నాటి సంక్షోభం

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లైనక్స్ మొదట ఇంటెల్ 386 ప్రాసెసర్ కోసం రాసినది. తరవాత అది ఆర్మ్ ప్రాసెసర్లకు విస్తరించింది. ఆర్మ్ ఆధారిత చిప్‌లను అనేక కంపెనీలు తమతమ పద్ధతుల్లో తయారుచేశాయి. ప్రతి బోర్డుకూ సీ భాషలో ఒక 'బోర్డు ఫైలు' కెర్నల్‌లోనే చేరేది. ఫోన్లు పెరిగిన కొద్దీ దాదాపు ఒకేలా ఉండే ఫైళ్లు గుట్టలుగా పడ్డాయి. 2011 మార్చిలో టోర్వాల్డ్స్ ఈ ధోరణిని బహిరంగంగా, తీవ్రంగా ఆక్షేపించాడు.

3. పాత పరిష్కారం, కొత్త అవసరం

పరిష్కారం కొత్తది కాదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో రూపుదిద్దుకున్న ఓపెన్ ఫర్మ్‌వేర్ 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణమైంది. హార్డ్‌వేర్‌ను కొమ్మలు, రెమ్మలుగా వర్ణించే 'డివైస్ ట్రీ' అందులోనిదే. 2005 నాటికి లైనక్స్ దీన్ని పవర్‌పీసీ యంత్రాలకు అనువుగా మలచుకుంది. 2011 తరవాత ఆర్మ్ కూడా అదే దారి పట్టింది. 2012 డిసెంబరులో విడుదలైన 3.7 వెర్షన్‌తో, వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్‌లపై ఒకే కెర్నల్ నడిచే వీలు ఏర్పడింది. వర్ణన కోడ్ నుంచి విడిపోవడమే ఇందులోని అసలు మార్పు అని గమనించండి.

4. సమీక్ష: రూపం, సత్యం

స్నాప్‌డ్రాగన్ 845 చిప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. చిప్ వర్ణన ఒక ఉమ్మడి ఫైలులో ఉంటుంది. వన్‌ప్లస్ 6, పోకో ఎఫ్1 వంటి ఫోన్ల ఫైళ్లు దాన్ని కలుపుకుంటాయి. కాబట్టి ఉమ్మడి ఫైలులోని ఒక తప్పు అన్ని ఫోన్లకూ పాకవచ్చు.

సమీక్షకులు ముందుగా రూపాన్ని చూస్తారు. పేరులోని చిరునామా, లోపలి చిరునామా ఒకటేనా? పరికరాన్ని గుర్తించే పేరు ముందే నమోదైందా? 2018 తరవాత వర్ణన నియమాలను క్రమంగా యంత్రం చదవగల రూపంలోకి మార్చడంతో ఈ పనిలో కొంత భాగం యంత్రానికే అప్పగించారు.

చరిత్ర విద్యార్థులుగా మీకు ఆధారాల బాహ్య విమర్శ, అంతర విమర్శ తెలిసినవే. ఇక్కడా అదే భేదం కనిపిస్తుంది. వోల్టేజి అంకె నియమం ప్రకారం సరిగానే ఉండి, వాస్తవంలో తప్పు కావచ్చు. అటువంటి తప్పు పరికరాన్నే పాడుచేయగలదు. చాలా చిప్‌ల పూర్తి వివరణ గ్రంథాలు బయటివారికి అందవు. అందువల్ల కంపెనీ వెలుపలి సమీక్షకుడు రూపాన్ని నిర్ధారించగలడు గాని, ప్రతి అంకె సత్యాన్నీ నిర్ధారించలేడు. 2004 నుంచి ప్రతి ప్యాచ్‌పై ఉండే సంతకం కూడా ఆ కోడ్‌ను సమర్పించే హక్కుకు హామీయే తప్ప, దాని నిర్దుష్టతకు కాదు. చివరి సాక్ష్యం అసలు పరికరంపై జరిపిన పరీక్షే.

మరొక నియమం కాలానికి సంబంధించినది. పాత వర్ణనతో కొత్త కెర్నల్ కూడా పనిచేయాలన్నది ఆశయం. అందుకే నేటి డ్రైవర్ సౌకర్యాన్ని కాక హార్డ్‌వేర్‌ను ఉన్నదున్నట్టు వర్ణించాలని సమీక్షకులు పట్టుబడతారు. తయారీదారు మద్దతు ఆగిపోయిన ఫోన్ కొత్త కెర్నల్‌తో బతకాలంటే ఇటువంటి వర్ణన చాలా అవసరం.

5. సారాంశం

బోర్డు ఫైళ్ల గందరగోళం నుంచి డివైస్ ట్రీ ఆర్మ్ లైనక్స్‌ను గట్టెక్కించింది. అయితే కోడ్ తగ్గినంత మాత్రాన బాధ్యత తగ్గలేదు. అది వర్ణన రాసేవారిపైకి, సరిచూసేవారిపైకి మారింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బోర్డు ఫైళ్ల పద్ధతిలోని లోపాలు ఏమిటి?
2. నియమం ప్రకారం సరైన వర్ణన వాస్తవంలో ఎందుకు తప్పు కావచ్చు? ఉదాహరణతో వివరించండి.