పెన్సిలు గీతతో మొదలైన ఫుట్‌బాల్ లెక్క

1950 మార్చి 18, శనివారం. ఇంగ్లండులోని స్విండన్ పట్టణంలో స్విండన్ టౌన్, బ్రిస్టల్ రోవర్స్ జట్లు తలపడుతున్నాయి. స్విండన్ ఎన్నిసార్లు దాడికి దిగినా ఫలితం లేదు. ప్రేక్షకుల్లో కూర్చున్న బ్రిటిష్ వాయుసేన అధికారి చార్లెస్ రీప్‌కు ఓపిక నశించింది. ఆయన చదివింది అకౌంటెన్సీ. విరామ సమయంలో నోటుపుస్తకం, పెన్సిలు తీశారు. ఆట మళ్లీ మొదలయ్యాక ప్రతి దాడి ఎక్కడ పుట్టింది, ఎన్ని పాసులతో సాగింది, ఎలా ముగిసింది అన్నదంతా తను అల్లుకున్న పొట్టి గుర్తులతో రాసుకున్నారు. నేడు పెద్ద క్లబ్బులన్నీ నడుపుతున్న డేటా విభాగాల వంశవృక్షం గీస్తే దాని వేరు ఈ నోటుపుస్తకం దగ్గర తేలుతుంది.

మరుసటి ఏడాదే ఆయన లెక్కలకు గిరాకీ వచ్చింది. రెండో డివిజన్‌లో కిందికి జారిపోయేలా ఉన్న లండన్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్ ఆయన సలహా తీసుకుంది, గండం గట్టెక్కింది. తర్వాత వుల్వర్‌హాంప్టన్ మేనేజర్ స్టాన్ కల్లిస్ ఆయన్ని దగ్గరికి తీశారు. ఆ దశాబ్దంలో ఆ జట్టు మూడుసార్లు లీగ్ గెలిచింది. రీప్ తన జీవితకాలంలో 2,200కు పైగా మ్యాచ్‌లను ఇలా కాగితం మీద పెట్టారు.

సరైన అంకె, తప్పు ప్రశ్న

1968లో సంఖ్యాశాస్త్రవేత్త బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి రీప్ తన లెక్కలను రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. ఆయన అందులోంచి తీసిన సారం ఇది: సుమారు 80 శాతం గోల్స్ మూడు లేదా అంతకన్నా తక్కువ పాసుల్లోనే వస్తున్నాయి. కాబట్టి బంతిని మధ్యలో తిప్పుతూ కూర్చోక, ఎత్తి ముందుకు కొట్టడమే మేలు. ఈ మాటకు ఇంగ్లండులో చాలామంది శిష్యులు పుట్టారు. 1980లలో వాట్‌ఫర్డ్, 1990లలో నార్వే జాతీయ జట్టు ఈ బాటలోనే నడిచాయి.

రీప్ లెక్కపెట్టడంలో పొరపాటు లేదు. పొరపాటంతా ఆ లెక్కను అడిగిన ప్రశ్నలో ఉంది. ఆయన కాగితాల ప్రకారమే ఆటలో 90 శాతానికి పైగా దాడులు మూడు పాసులు దాటకుండానే తెగిపోయేవే. అంటే దాడుల్లో నూటికి 90 దాటిన చిన్నవి తెచ్చింది గోల్స్‌లో నూటికి 80. పది కూడా లేని పొడవైన దాడులు తెచ్చింది 20. దాడికి ఇంత అని లెక్క కడితే ఓపిగ్గా పాసులు అల్లినవే ఎక్కువ పండాయి. మైక్ హ్యూస్, ఇయాన్ ఫ్రాంక్స్ 1990, 1994 ప్రపంచకప్ మ్యాచ్‌లను పరిశీలించి 2005లో ఇదే విషయం నిరూపించారు. మొత్తం చూసి మురిసిపోకుండా ‘ఎన్నిట్లో ఎన్ని?’ అని అడగడం నేర్చుకునేసరికి అర్ధశతాబ్దం గడిచింది.

కెమెరా కన్ను

ఈలోపు పెన్సిలు పోయి యంత్రం వచ్చింది. 1996లో మొదలైన ఆప్టా సంస్థ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లలో ప్రతి పాసు, షాట్, టాకిల్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం) నమోదు చేయసాగింది. ఆ దశాబ్దం చివరికి ప్రోజోన్ సంస్థ కెమెరాలు స్టేడియం పైకప్పుల కింద చేరాయి. ఎవరు ఎంత దూరం పరిగెత్తారో తెలిసింది. అంకెలు గుట్టలు పడ్డాయి కానీ అర్థం వెంటనే చిక్కలేదు. ముందుగానే సరైన చోట నిలబడే డిఫెండర్‌కు టాకిల్ చేసే అవసరమే రాదు. టాకిల్స్ మాత్రమే లెక్కపెట్టేవాడికి ఆ గొప్పతనం కనబడదు.

మలుపు తిప్పింది ‘ఎక్స్‌పెక్టెడ్ గోల్స్’ అనే కొలమానం. గోల్‌పోస్టుకు ఎంత దూరం, ఏ కోణం, తలతో కొట్టారా, కాలితోనా అన్నవి చూసి, అలాంటి షాట్లు గతంలో ఎన్నిట్లో ఎన్ని గోల్ అయ్యాయో లెక్కకడతారు. పెనాల్టీ విలువ సుమారు ముప్పాతిక గోల్. పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టే మామూలు షాట్ విలువ అందులో చిన్న పాలే. అదృష్టాన్ని, ఆటతీరును వేరుచేసి చూపే జల్లెడ దొరికింది. ఆ జల్లెడ పట్టేవాళ్లకు క్లబ్బుల్లో కుర్చీలూ దొరికాయి.

లివర్‌పూల్ గదిలో భౌతికశాస్త్రం

2012లో లివర్‌పూల్ క్లబ్, కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఇయాన్ గ్రాహమ్‌ను పరిశోధన విభాగాధిపతిగా తీసుకుంది. తర్వాత వచ్చిన విల్ స్పియర్‌మన్ పరమాణువు లోపలి కణాల మీద పరిశోధన చేసినవారు. 2015లో యుర్గెన్ క్లోప్ మేనేజర్‌గా వచ్చిన కొత్తలో గ్రాహమ్ కాగితాలు పట్టుకుని ఆయన గదికి వెళ్లారు. అంతకు ముందు సీజన్‌లో క్లోప్ జట్టు డోర్ట్‌మండ్ జర్మన్ లీగ్‌లో ఏడో స్థానంలో మిగిలింది. ఆడిన తీరు చూస్తే ఆ జట్టు రెండో స్థానానికి తగినదని, చేతికందిన అవకాశాలు దురదృష్టం వల్ల జారాయని గ్రాహమ్ మ్యాచ్ మ్యాచ్‌కూ చూపించారు. ఆ మ్యాచ్‌లు గ్రాహమ్ కళ్లారా చూసినవి కావు. ఓటమి దిగులు మోసిన మనిషికి అంకెలు ఓదార్పు చెప్పిన సందర్భమిది. లెక్కలకు మనసు లేదనేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

2017లో, చెల్సీలో రాణించలేదన్న ముద్ర ఉన్న మహమ్మద్ సలాను రోమా నుంచి కొనమని ఒప్పించినవారిలో ఈ విభాగమూ ఉంది. 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో 30 ఏళ్ల తర్వాత ఇంగ్లిష్ లీగ్ టైటిల్ లివర్‌పూల్‌కు చేరాయి.

మళ్లీ బ్రెంట్‌ఫర్డ్

కథ మొదటి మెట్టుకే తిరిగొస్తుంది. చిన్నప్పటి నుంచి బ్రెంట్‌ఫర్డ్ అభిమాని అయిన మాథ్యూ బెన్‌హమ్ 2012లో ఆ క్లబ్ యజమాని అయ్యారు. ఆక్స్‌ఫర్డ్‌లో భౌతికశాస్త్రం చదివి, ఫుట్‌బాల్ ఫలితాలను అంచనా కట్టే స్మార్ట్‌ఆడ్స్ సంస్థను నెలకొల్పినవారు. 2014లో ఆయన చేతికొచ్చిన డెన్మార్క్ క్లబ్ మిట్‌యిలాండ్ మరుసటి ఏడాదే తొలి లీగ్ టైటిల్ సాధించింది. ఇతరులు పట్టించుకోని ఆటగాళ్లను వెతకడం, కార్నర్లు, ఫ్రీకిక్కులు, త్రోలను పాఠంలా సాధన చేయించడం వీళ్ల పద్ధతి. 2021 మే 29న వెంబ్లీలో స్వాన్సీని 2–0తో ఓడించి బ్రెంట్‌ఫర్డ్ 74 ఏళ్ల తర్వాత పై డివిజన్‌కు చేరింది.

రీప్ అది చూడలేదు. 2002లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నేటి కెమెరాలు 22 మంది ఆటగాళ్ల స్థానాలను సెకనుకు 25 సార్లు పట్టుకుంటున్నాయి. ఆయన పుస్తకంలో పట్టనంత సమాచారమది. అయినా ఆయన సాహసం చిన్నది కాదు. ఆటను కొలవవచ్చని నమ్మి, తన లెక్కనంతా అచ్చువేసి నలుగురి ముందు పెట్టారు. ఆయన తప్పును తర్వాతివాళ్లు దిద్దగలిగింది అందుకే. బ్రెంట్‌ఫర్డ్‌ను ఒకసారి పడిపోకుండా ఆపిన పెన్సిలు, 70 ఏళ్లకు అదే క్లబ్‌ను పైకి ఎక్కించిన కంప్యూటర్ ఒకే దారిలోని రెండు మజిలీలు.