కోటిలింగాల ఒడ్డు: నీటి అంచున చరిత్ర నమోదు

పెద్దవాగు గోదావరిలో కలిసే చోట, నదికి దక్షిణపుటొడ్డున ఉన్న కోటిలింగాల 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. ఆవలి గట్టు పూర్వపు ఆదిలాబాద్ జిల్లాకు చెందినది. ఇక్కడి పాటిగడ్డ, అంటే పూర్వపు జనావాసం శిథిలమై తరతరాల బూడిద, ఇటుక ముక్కలు, కుండపెంకులు పేరుకొని మెరకగా మారిన నేల, వానలకూ వరదలకూ కోసుకుపోతూ తన పొరలను తానే బయటపెట్టింది. పాటిమన్ను చేనుకు బలమని రైతులు బండ్లతో తోలుకోవడం తెలంగాణలో పాత అలవాటు కాబట్టి, ఇటువంటి గడ్డలు నీటి వల్లనే కాక నాగలి వల్ల కూడా తరిగిపోయాయి.

కోసుకుపోయిన గట్టు మీద, పొలాల్లో దొరికిన నాణేలే కోటిలింగాలకు చరిత్రలో చోటు సంపాదించిపెట్టాయి. బ్రాహ్మీ లిపిలో గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లున్న నాణేలు శాతవాహనులకు ముందే ఈ ప్రాంతంలో పాలకులున్నారని తెలిపాయి; చిముక అనే పేరున్న నాణేలను పురాణాలు వంశ స్థాపకుడిగా చెప్పే సిముకునివిగా గుర్తించడంతో శాతవాహనుల తొలినాళ్ల చర్చ ఉత్తర తెలంగాణ వైపు మళ్లింది. వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ 1979 నుంచి జరిపిన తవ్వకాల్లో మట్టికోట గోడ, ఇటుక కట్టడాలు, బావులు వెలుగుచూశాయి.

అయితే ఒడ్డున ఏరుకున్న నాణేనికీ తవ్వకంలో దొరికిన నాణేనికీ సాక్ష్యబలం ఒకటి కాదు. తవ్వేవారు మొదట కదలని ఒక స్థిరబిందువును నిర్ణయించి, అక్కడి నుంచే ప్రతి దూరాన్నీ లోతునూ కొలుస్తారు. నేలను చదరపు గడులుగా విభజించి, గుంట గోడలో రంగూ గట్టిదనమూ మారే ప్రతి పొరకూ అంకె వేసి, ఆ గోడను కాగితం మీద కొలతలతో గీస్తారు. ఏ పొరలో ఏ పెంకుతో కలిసి నాణెం దొరికిందో తెలిస్తేనే ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పగలం. గట్టు జారి కిందపడిన నాణెం రాజు పేరు చెబుతుంది గాని తన కాలం చెప్పలేదు.

నీరు బయటపెట్టినదాన్ని నీరు తిరిగి కమ్మేలోగా నమోదు చేయవలసిన తొందర 1986లో గలిలయ సరస్సు దగ్గర స్పష్టంగా కనిపించింది. కరవుకు సరస్సు వెనక్కి తగ్గి సుమారు రెండువేల ఏళ్లనాటి, 8 మీటర్లకు పైబడిన చెక్కపడవ ఒడ్డు బురదలో బయటపడగా, నీటిమట్టం మళ్లీ పెరుగుతుండటంతో చుట్టూ కట్ట పోసి, కొన్ని రోజుల్లోనే దానిని నమోదు చేసి, నురుగు తొడుగులో భద్రపరచి నీటి మీదుగా తరలించారు. పడవను తరలించవచ్చు, ఊరిని తరలించడం సాధ్యం కాదు. జలాశయంలో మునగనున్న నాగార్జునకొండలో 1954–60 మధ్య విస్తృతంగా తవ్వి, ముఖ్య కట్టడాలను కొండపైకి చేర్చినా, లోయంతటినీ కాపాడలేకపోయారు.

ఎల్లంపల్లి వద్ద గోదావరి మీద కట్టిన శ్రీపాద జలాశయం సామర్థ్యం సుమారు 20 టీఎంసీలు. దాని వెనుక నీరు కోటిలింగాలను తాకి, పాటిగడ్డలో కొంత భాగాన్ని ముంచింది. నీటిమట్టం ఏటా పెరిగి తగ్గే చోట అలలకు గట్టు పాదం కరిగి పైమట్టి విరిగిపడుతుంది కనుక, పూర్తి నీటిమట్టానికి పైన స్థిరబిందువును నాటి, ప్రతి వేసవిలోనూ గట్టు కోతను అదే కొలతతో గీసి, బయటపడ్డ ఇటుక వరుసలనూ బావి ఒరలనూ కదల్చకముందే ఛాయాచిత్రాలు తీయడం అత్యవసరం.