బీరువాలోని టేపుల నుంచి పిప్ దాకా

తిరుపతి, చిత్తూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టు పైథాన్‌లో అనుకున్నారంటే, చాలామంది మొదట కొట్టేది ప్రోగ్రాము కాదు, 'పిప్ ఇన్‌స్టాల్' అనే ఆదేశం. తేదీలు లెక్కగట్టడం, జాబితాలు వరసబెట్టడం, పదాలు కత్తిరించడం వంటి చిల్లర పనులన్నీ ఎవరో రాసిపెట్టిన యుటిలిటీ లైబ్రరీగా నిమిషంలో దిగిపోతాయి. ఈ అలవాటు కాగితం టేపుల కాలంలో పుట్టింది.

1949 మే 6న ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే కంప్యూటర్ తొలి ప్రోగ్రాము నడిపింది. దాన్ని కట్టించిన మారిస్ విల్క్స్ ఆ వేసవిలో 126 వరసల ప్రోగ్రామొకటి రాస్తే అందులో ఇరవై దాకా తప్పులున్నాయి. ఇక మిగిలిన జీవితంలో చాలా భాగం సొంత తప్పులు వెతుక్కోవడానికే పోతుందని ఆయనకు అప్పుడే అర్థమైంది. ఒకసారి సరిచూసిన ముక్కను మళ్లీ రాయకుండా దాచుకోవడమే దారి. ఎడ్సాక్‌లో భాగహారానికి విడిగా ఆదేశమే లేదు. అదీ అలాంటి ముక్కతోనే చేయాలి. వర్గమూలం, సైన్, అంకెలు అచ్చువేయడం... 1951 నాటికి ఇలాంటివి 87 పోగయ్యాయి. వాటి టేపులు ఒక స్టీలు బీరువాలో ఉండేవి. కావలసింది తీసి, తమ టేపు మీదికి నకలు కొట్టుకుని, మళ్లీ బీరువాలో పెట్టేయడమే.

నకలు కొట్టుకుంటే సరిపోదు, అసలు చిక్కు అక్కడే. ముక్క రాసినవాడికి అది మెమరీలో ఏ గడిలో కూర్చుంటుందో తెలియదు. గడి మారితే లోపలి చిరునామాలన్నీ తప్పుతాయి. అప్పటికి పరిశోధక విద్యార్థిగా ఉన్న డేవిడ్ వీలర్ రాసిన 41 ఆదేశాల చిన్న ప్రోగ్రాము, టేపు చదువుతూనే ఆ చిరునామాలను సవరించేది. ఇవాళ మనం ఇన్‌స్టాల్ అంటున్న పనికి మూలపురుషుడు వీలరే అంటాను. 1952లో ఆయనే మరో మాటా రాశాడు: ముక్క రాసి పరీక్షించాక కూడా, లోపలి సంగతి తెలియనివాడు వాడుకునేలా వివరణ రాయడం మిగిలే ఉంటుంది, బహుశా అదే అన్నిటికన్నా కష్టం. వివరణ లేని లైబ్రరీతో రాత్రంతా కుస్తీ పట్టినవారెవరైనా దీన్ని కాదనరు.

ఇలా దాచుకున్న లెక్క ఎంత మేలు చేస్తుందో చూడాలంటే తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి చాలు. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని రాడార్‌కు 32 వరసల్లో 32 చొప్పున 1024 జతల యాంటెన్నాలున్నాయి. గాలిని తాకి తిరిగొచ్చిన సంకేతంలోని పౌనఃపున్యాలు విడదీస్తే గాలి వేగం తెలుస్తుంది. ఉదాహరణకు 1024 బిందువుల సంకేతాన్ని నేరుగా విడదీస్తే పది లక్షలకు పైగా గుణకారాలు. 1965లో కూలీ, టూకీ ప్రకటించిన పద్ధతిలో దాదాపు 5 వేలే. ఆ పద్ధతి ఇప్పుడు నంపై అనే పైథాన్ లైబ్రరీలో ఒక్క వరస పిలుపు.

ఇంటర్నెట్‌తో బీరువా ఊరందరిదీ అయింది: 1995లో పెర్ల్‌కు సీపాన్, 2003లో పైథాన్‌కు పైపీఐ, 2008లో దాన్నుంచి దించుకునే పిప్, 2010లో జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం. తెచ్చుకోవడం సులువయ్యాక అతి మొదలైంది. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామర్ ప్యాకేజీ పేరు మీద తగాదాతో ఎన్‌పీఎం నుంచి తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసుకున్నాడు. వాటిలో 'లెఫ్ట్ ప్యాడ్' 11 వరసల ముక్క, పదానికి ఎడమ పక్క ఖాళీలు పెడుతుంది. అది లేక ప్రపంచమంతటా ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. 11 వరసలకు కూడా పరాయివాడి మీద ఆధారపడాలా అని నవ్వారు. నవ్వడం తేలికే. మరుసటి ఏడాది ఆ పని జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకే 'ప్యాడ్‌స్టార్ట్' పేరుతో చేరింది. బయటి లైబ్రరీలో నలిగినవి చివరకు భాషలో కలిసిపోవడం మామూలే.

అయితే ఆ ప్యాడ్‌స్టార్ట్‌కు మన ఊళ్ల పేర్లిచ్చి చూడండి. వెడల్పు 10 అంటే 'తిరుపతి'కి 3 ఖాళీలు, 'చిత్తూరు'కు 2 పెడుతుంది. మనం నాలుగక్షరాలు, మూడక్షరాలు అని చదివేవి దాని లెక్కలో 7, 8. గుణింతపు గుర్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కే మరి. (ఫాంటులో అక్షరాల వెడల్పు వేరే గొడవ.) లోడాష్ అనే జావాస్క్రిప్ట్ యుటిలిటీ లైబ్రరీ సైజు లెక్కలోనూ అంతే. ఇంగ్లీషు అక్షరాల మీద సరిచూసి దాచిన ముక్క తెలుగుకు సరిచూసినట్టు కాదు. అక్షరాలుగా విడగొట్టడానికి జావాస్క్రిప్ట్‌లో సెగ్మెంటర్ ఉంది. అదీ యూనికోడ్ పాత నియమాలతో నడిస్తే పొల్లు దగ్గర తెంపి 'చిత్తూరు'ను నాలుగంటుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 నుంచి ఒత్తక్షరాన్ని కలిపే ఉంచి మూడంటుంది. వెర్షన్ మారితే జవాబూ మారుతుంది. అందుకే పైథాన్ ల్యాబులో ప్రాజెక్టుకో విడి ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, ఏ వెర్షన్ వేశామో రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాసుకోమంటారు.