నివురు మీద కాల్చిన ముక్క

స్టేక్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అంగుళం మందాన అడ్డంగా కోసిన మాంసం ముక్కకి ఉప్పు పట్టించి, నిప్పు మీద రెండు వైపులా కాల్చడం, అంతే. అమెరికాలో ఉన్న మన పిల్లలు పెరట్లో గ్రిల్లు పెట్టుకుని సెలవు రోజున చేసేది ఇదే. వాళ్ళు గుడివాడో, బందరో వచ్చినప్పుడు ఆ సరదా కూడా వాళ్ళతో పాటే దిగుతోంది. మా చుట్టాల్లోనే మూడిళ్ళల్లో డాబా మీద బొగ్గుల గ్రిల్లు వెలిసింది. ఆ మధ్య ఒక అమ్మాయి, “మనవాళ్ళకి కాల్చుకుని తినే అలవాటు లేదు కదా పిన్నీ, అంతా పులుసులూ వేపుళ్ళేగా” అంది. లేకపోవడమేమిటి! మన ఇళ్ళల్లో కాల్చనిదేముంది? కాకపోతే దాన్ని వంట అని ఎవరూ అనలేదు. వంటయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుతో ఆడవాళ్ళు చేసే చిన్న పని అది. అందుకే వంటల పుస్తకాల్లో దానికి పెద్దగా చోటు దొరకలేదు.

కట్టెల పొయ్యి రోజులు గుర్తున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్నం వార్చి, పులుసు దించాక, పొయ్యిలో కణకణలాడే నిప్పులుంటాయి. వాటిని ఊరికే ఆరిపోనిచ్చే ఇల్లాలు లేదు. కొన్నిటిని పటకారుతో బయటికి లాగి నీళ్ళు చల్లి బొగ్గులు చేసి దాచేది. అవి కుంపటికి పనికొస్తాయి. మిగిలిన వాటి మీద ఓ వంకాయ పడేది పచ్చడికి. చలికాలంలో చిలగడదుంపలు బూడిదలో కప్పెట్టేవాళ్ళు. ఉప్పు చేప కాల్చేవాళ్ళు. పప్పుచారులోకి ఉప్పు చేప ముక్క కాలిస్తే ఆ వాసన నాలుగిళ్ళ అవతలికి పోయేది. తినని ఇంటివాళ్ళు తలుపులేసుకునేవాళ్ళు, తినేవాళ్ళు గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు. మాంసం తెచ్చిన రోజున కార్జం ముక్క ఒకటి విడిగా తీసి, ఉప్పూ పసుపూ రాసి, పుల్లకి గుచ్చి నిప్పుల మీద కాల్చి పిల్లల చేతిలో పెట్టేవాళ్ళు. రక్తం పడుతుందని నమ్మకం. కార్జంలో ఇనుము బాగా ఉంటుంది కాబట్టి ఆ నమ్మకం వట్టిది కూడా కాదు. నాటుకోడిని ఈకలు పీకాక తాటాకు మంట మీద తిప్పి కాల్చి, పసుపు రాసి కడిగితేనే కూరకి ఆ రుచి. మేక తలకాయ, కాళ్ళు సరేసరి, కాల్చకుండా వండేదే లేదు. తేగల సంగతి మీకు తెలిసిందే, కుండలో పేర్చి చుట్టూ మంట పెట్టి కాల్చేవాళ్ళు.

అన్ని ఇళ్ళల్లోనూ ఒకే మాంసం కాదు. గొడ్డుమాంసం తినే ఇళ్ళల్లో దాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు పట్టించి ఎండబెట్టి, వానాకాలంలో నిప్పుల మీద కాల్చుకునేవాళ్ళు. స్టేక్‌కి మన నేల మీద అన్నిటికన్నా దగ్గర చుట్టం బహుశా ఆ ఎండు తునకే. పక్క వీధిలో అది వంటని తెలిసి కూడా తెలియనట్టు ఉండటం మన పెద్దవాళ్ళకి బాగా అలవాటు.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే పొలం గట్టు మీదికి వెళ్ళాలి. కృష్ణా డెల్టాలో వరి పండే ఊళ్ళల్లో ఎలుకలు పట్టే యానాదులని చూసే ఉంటారు. కుండకి చిల్లు పెట్టి, లోపల గడ్డి కూరి నిప్పంటించి, కుండ మూతిని ఎలుక కన్నానికి ఆనించి, చిల్లులోంచి ఊదుతారు. పొగ కన్నంలోకి పోతుంది. ఎలుకలు దొరుకుతాయి, వాటిని అక్కడే కాల్చుకుంటారు. రైతు పంటని కాపాడినవాళ్ళు, ఆ పొగ మింగినవాళ్ళు వాళ్ళే. విడ్డూరమేమిటంటే, పొలం ఎలుకల్ని వండుకోవడం రాజుల వంటింట్లోనూ ఉంది. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు సుమారు 1130 ప్రాంతంలో రాయించిన మానసోల్లాసంలో చేపలు, పంది మాంసం, చువ్వలకి గుచ్చి నిప్పుల మీద కాల్చే మాంసం ముక్కలతో పాటు ఆ ఎలుకల వంట కూడా ఉంది. రాజుగారు తింటే గ్రంథమయింది. గట్టు మీద తింటే కులానికి అంటగట్టి చెప్పుకున్నారు.

ఇక బందరు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి వర్తకం పెట్టిన రేవు. డచ్చివాళ్ళ సమాధులు బందరుకోటలో ఇప్పటికీ ఉన్నాయి. ఇన్నేళ్ళు దొరలు మన మధ్య ఉన్నా వాళ్ళ కాల్పుడు మాంసం మన వంటింటి గడప దాటలేదు. చాప్స్, కట్లెట్, రోస్టు అనే మాటలు మాత్రం మిగిలాయి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. దొరల ఇంట్లో వండింది దొరసాని కాదు, మనవాళ్ళే, అదీ మన పొయ్యిల మీదే. 1878లో మద్రాసులో కెన్నీ-హెర్బర్ట్ అనే సైనికాధికారి ఇంగ్లీషు ఇళ్ళ వంటల మీద పెద్ద పుస్తకం రాశాడు. బందరు అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోనిదే. అందులో ఇంటి వెనక ఉండే చీకటి వంటపాకల గురించి, పొగ గురించి ఆయన తెగ విసుక్కుంటాడు. ఇల్లంతా బంగళా, వంట మాత్రం పొగ గూట్లో. దొర ఇల్లయినా, మన ఇల్లయినా అక్కడ తేడా లేదన్నమాట.

నిప్పు ఎక్కణ్ణించి వచ్చేదన్నది కూడా చూడాలి. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టా అంతా వరి అయింది. అన్నానికి లోటు తీరింది గానీ, వరి చేలల్లో కట్టె పుట్టదు. మిగిలినవి కాలవగట్ల తుమ్మలు, చేల గట్ల తాళ్ళు, ఇంటి కొబ్బరి మట్టలు, గేదెలిచ్చే పిడకలు. మిల్లులొచ్చాక ఊక పొయ్యి, అడితీల పక్కన రంపపు పొట్టు పొయ్యి వచ్చాయి. పొట్టు పొయ్యిలో మధ్యన రోకలో సీసానో నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, మెల్లిగా సీసా పైకి లాగాలి. అది కూలకుండా లాగగలిగిన కోడలికి మంచి పేరు! సముద్రం వైపు సరుగుడు, దివిసీమ చివర మడ కట్టె. దేని నిప్పు దానిదే. తుమ్మ నిప్పు చాలాసేపు నిలుస్తుంది. తాటాకు భగ్గుమని ఆరిపోతుంది కాబట్టి కోడిని కాల్చడానికే గానీ ముక్క కాల్చడానికి పనికిరాదు. పిడకల దాలిలో పాలు సాయంత్రం దాకా కాగి ఎర్రటి మీగడ కడతాయి. ఇవన్నీ ఎవరూ బడిలో చెప్పలేదు, పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు నేర్చుకున్నారు.

నిప్పు ఎంత అపురూపమో చెప్పడానికి ఒక్క మాట. అగ్గిపెట్టె పొదుపుగా వాడే రోజుల్లో పొద్దున్నే పక్కింటికి పిడక ముక్క పట్టుకెళ్ళి దాని మీద నిప్పు తెచ్చుకునేవాళ్ళు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచేసింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. మా అత్తగారిది నాగాయలంక వైపు. బతికి బయటపడ్డాక ఆకలి కంటే ముందు తమకి తెలిసొచ్చింది పొయ్యి లేకపోవడమేనని ఆవిడ చెప్పేవారు. పిడక లేదు, పుల్ల లేదు, ఉన్నవన్నీ ఉప్పునీళ్ళల్లో నానినవే. మళ్ళీ సొంత పొయ్యిలో నిప్పు పడ్డ రోజుని ఆవిడ పండగ రోజులా చెప్పుకునేవారు.

అంత అపురూపమైన నిప్పుని వదులుకోవడానికి మనం ఎందుకంత తొందరపడ్డాం? పొగ వల్ల. ఊదుడు గొట్టంతో ఊది ఊది ఎర్రబడిన కళ్ళు, నలభై దాటకుండానే ఆయాసం, మసి పట్టిన గోడలు. “అమ్మమ్మ చేతి రుచి” అంటూ కట్టెల పొయ్యి మీద ముచ్చటపడేవాళ్ళు ఆ అమ్మమ్మ దగ్గు గురించి ఎందుకు రాయరో నాకు తెలీదు. కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త గుజరాత్ పల్లెల్లో పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళు పీల్చే పొగని కొలిచి, 1983లో ఆ ఫలితాలు ప్రకటించాడు. వంటింటి పొగని జబ్బుగా లెక్కలోకి తీసుకోవడం అప్పటి నుంచే మొదలయిందని చెప్పొచ్చు. అంతకు ముందు అది ఆడదాని కర్మ.

1965లో ఇండేన్ గ్యాసు మన దేశంలో మొదలయినా, మన పల్లెలకి రావడానికి చాలా కాలం పట్టింది. టౌన్లో ఉద్యోగస్థుల ఇళ్ళకి ముందొచ్చింది. మిగిలినవాళ్ళకి కిరసనాయిలు, నూతన్ వత్తుల స్టవ్వు. 1999లో దీపం పథకం పెట్టి పేద ఇళ్ళల్లో ఆడవాళ్ళకి కనెక్షన్లు ఇచ్చాక పొదుపు సంఘాల ఇళ్ళల్లోకి సిలిండరు నడిచొచ్చింది. 2016లో ఉజ్వల, 2024 దీపావళికి ఏడాదికి మూడు సిలిండర్ల దీపం-2. గ్యాసు వచ్చిన మొదట్లో చాలామంది బండ ఎక్కడ అయిపోతుందోనని టీకే వాడి, అన్నం కట్టెల మీదే వండారు. మెల్లగా పెరట్లో పొయ్యి చల్లారిపోయింది. పొయ్యితో పాటే నివురూ పోయింది, దాని మీద కాల్చుకునేవన్నీ పోయాయి. ఉప్పు చేప పెనం మీదికెక్కింది. వంకాయ గ్యాసు బర్నరు మీదికెక్కి స్టవ్వంతా పాడు చేస్తోంది. రుచి తగ్గిందా? తగ్గింది. ఆ బేరం మళ్ళీ ఎవరైనా నా ముందు పెడితే, గ్యాసే తీసుకుంటాను.

ఇప్పుడు నిప్పు డాబా మీదికి తిరిగొచ్చింది, ఈసారి మగవాళ్ళ చేతికి. పండగనాడు అల్లుళ్ళూ బావలూ విసనకర్రలతో బొగ్గులు విసురుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆరుబయట కాబట్టి పొగ బాధ తక్కువ. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: వాన వచ్చిందని బొగ్గుల గ్రిల్లుని గదిలోకి లాక్కురాకండి. తలుపులు మూసిన గదిలో బొగ్గు విషవాయువు వదులుతుంది. దానికి వాసన కూడా ఉండదు.

అయితే ఆ హడావిడిలో ముక్క బయట మాడి, లోపల పచ్చిగా ఉంటోంది. కారణం ఒక్కటే, మంట మీద పెడుతున్నారు. మన మాటలోనే కిటుకుంది. నివురు గప్పిన నిప్పు అంటాం కదా, కాల్చడానికి సరైన నిప్పు అదే. మంట చచ్చి, బొగ్గు మీద తెల్లటి నివురు పొర పట్టాకే జాలీ పెట్టాలి. స్టేక్ గురించి రాసే విదేశీ పుస్తకాలు చెప్పేదీ అదే. నిప్పుల్ని ఒక పక్కకి ఎక్కువగా, ఇంకో పక్కకి పల్చగా సర్దుకుంటే, రంగు ఇక్కడ, ఉడుకు అక్కడ.

మాంసం కొట్టులో “కూరకా, బిర్యానీకా” అనే అడుగుతారు. చాప్స్‌కి పక్కటెముకలు అంగుళం మందాన కావాలని ముందే చెప్పాలి. మన మేక మాంసానికి పీచు గట్టి. పచ్చి బొప్పాయి ముద్ద ఓ చెంచా రాసి గంట ఉంచితే మెత్తబడుతుంది. ఎక్కువసేపు ఉంచితే పిండిలా అయిపోతుంది, జాగ్రత్త. ఉప్పు కనీసం నలభై నిమిషాల ముందు పట్టించి, పెట్టే ముందు ముక్కని గుడ్డతో తుడవాలి. తడి ముక్క కాలదు, ఉడుకుతుంది. పెద్ద సెగ తగలగానే మాంసం మూసుకుపోయి రసం లోపలే నిలుస్తుందని 1847లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త చెప్పాడు. ఆ తర్వాత అది నిజం కాదని తేలినా, టీవీ వంటల్లో ఇంకా అదే మాట. కాలిన ముక్క రుచి రసం నిలవడం వల్ల కాదు, పైన ఎర్రబడటం వల్ల. అలా ఎర్రబడే మార్పుని 1912లో మయార్ అనే ఫ్రెంచాయన వివరించాడు. దించాక ఐదు నిమిషాలు ముట్టుకోకండి. స్టేక్ లోపల ఎర్రగా ఉంటే ఇష్టపడేవాళ్ళున్నారు గానీ, మన ఇళ్ళల్లో అది నడవదు, నడిపించక్కర్లేదు కూడా. కోడి మాత్రం ఎవరింట్లోనైనా పూర్తిగా ఉడకాల్సిందే.

నన్నడిగితే మన వైపు స్టేక్ అంటే చేపే. వంజరం అడ్డంగా కోసిన ముక్క అచ్చం స్టేకే కదా. గిలకలదిండిలో పొద్దున్నే దొరికే వంజరం గానీ, పండుగప్ప గానీ నిప్పు మీద నిలుస్తాయి. కానాగంతలకి ఒంట్లోనే నూనె ఉంది, ఏమీ రాయక్కర్లేదు. కైకలూరు, ముదినేపల్లి చెరువుల బొచ్చె, శీలావతి పులుసుకి రాణులే గానీ జాలీ మీద విరిగిపోతాయి, ముళ్ళు వేరు. ఫంగస్ చేప సంగతి వదిలేయండి. ఉప్పు, పసుపు, కాస్త కారం, నిమ్మరసం చివర్లో. ముందే పోస్తే ముక్క పైన తెల్లబడి గట్టిపడుతుంది. జాలీకి నూనె రాసి, బాగా కాలాక పెట్టి, ముక్క తనంతట తను జాలీని వదిలేదాకా కదపొద్దు. మాంసాన్ని మాటిమాటికీ తిప్పినా పర్లేదు, చేపని ఒక్కసారే.

జాలీ వేడి మీద ఉండగానే సగం ఉల్లిపాయ ఫోర్కుకి గుచ్చి రుద్దితే అంటుకున్నదంతా వచ్చేస్తుంది, చల్లారితే పొద్దున్న పీచుతో తోమినా రాదు. ముక్కలు కడగడం, మసాలా నూరడం, గిన్నెలు తోమడం కిందికి వదిలేసి పైన నిప్పు దగ్గర నిలబడ్డవాళ్ళే వంట చేశామనుకుంటున్నారని, మొన్న సంక్రాంతి నుంచి మా ఇంట్లో కాల్చినవాళ్ళే జాలీ తోమాలని పెట్టుకున్నాం. మా అల్లుడు ఉల్లిపాయ బాగానే పట్టాడు.