పన్ను పీకడం: చరిత్ర

పుచ్చిపోయిన, విరిగిన, కదులుతున్న, లేదా చిగురులో అడ్డం తిరిగి ఇరుక్కున్న పన్నును దవడ ఎముకలోని గూటి నుంచి వేళ్ళతో సహా తీసివేసే చికిత్స ఇది. మనిషికి తెలిసిన శస్త్రచికిత్సల్లో అతి పాతవాటిలో ఒకటి. దీని చరిత్రను పటకారుల చరిత్రగా రాయడం రివాజు. కానీ అసలు మలుపులు పనిముట్లలో కంటే నిర్ణయంలో వచ్చాయి: ఏ పన్ను తీయాలి, దేన్ని ఉంచాలి? నొప్పికి మందు లేనంతకాలం మంచి వైద్యులు పన్ను మీద చేయి వేయడానికి జంకారు. నొప్పి తెలియకుండా తీసే వీలు చిక్కాక కొందరు తీయనక్కరలేని పళ్ళను కూడా తీసేశారు.

ప్రాచీన వైద్యం

సుశ్రుత సంహిత దంతశంకువు అనే పరికరాన్ని పేర్కొంది. పంటి మూలంలో చీము దారి చేసుకున్నప్పుడు ఆ పన్ను తీసేయమంది, కానీ పై వరుస పళ్ళను మినహాయించింది. గట్టిగా నాటుకుని ఉన్న పై పన్నును పెకలిస్తే నెత్తురు విపరీతంగా పోతుందని, ఒక కన్ను పోవచ్చని, మూతి వంకర పోవచ్చని హెచ్చరించింది. కదులుతున్నదైనా సరే పై పన్ను జోలికి పోవద్దంది. పై పన్ను తీయిస్తే చూపు పోతుందని తెలుగు ఇళ్ళల్లో ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట ఎవరో అమాయకులు పుట్టించింది కాదు, దాని వెనుక ఇంత పాత గ్రంథం ఉంది.

చూపుకూ పై పంటికీ నరాల సంబంధం లేదు. చూపు దృష్టినాడిది. పళ్ళకు స్పర్శ ఇచ్చేది ముఖానికి స్పర్శ తెచ్చే మరో నాడి శాఖ. అయినా ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. పై కోరపన్ను వేరు దగ్గర చీము పడితే చెంప ఉబ్బి, కన్ను వాచి మూసుకుపోతుంది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఆ చీము రక్తనాళాల గుండా మెదడు దాకా పాకి ప్రాణాలు తీసేది. ముందు పన్ను తీయడం, తర్వాత కన్ను వాయడం కళ్ళారా చూసినవాళ్ళు రెండింటినీ ముడిపెట్టడంలో వింత లేదు.

గ్రీకులదీ ఇదే జాగ్రత్త. డెల్ఫీలోని అపోలో ఆలయంలో సీసంతో చేసిన పటకారు ఉండేదని పాత రచనలు చెబుతాయి. సీసం మెత్తన కాబట్టి, దానితో ఊడివచ్చేంత వదులైన పన్నునే తీయాలని దాని భావం. క్రీ.శ. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ పద్ధతి నేటి దంతవైద్య విద్యార్థికీ కొత్తగా అనిపించదు: ముందు పన్ను చుట్టూ చిగురు విడదీయాలి, తర్వాత పన్ను వదులయ్యేదాకా మెల్లగా కదపాలి, వీలైతే వేళ్ళతోనే తీయాలి. పంటిలో పెద్ద గొయ్యి ఉంటే పటకారు పట్టుకు చిట్లిపోకుండా ముందుగా అందులో నారగుడ్డో సీసమో కూరమన్నాడు. రోమ్ నగరం నడిబొడ్డున కాస్టర్, పొలక్స్ ఆలయం అడుగున ఉన్న ఒక అంగడి మురుగు కాలువలో 1980లలో 86 పళ్ళు బయటపడ్డాయి. దాదాపు అన్నీ పుచ్చినవే. అక్కడ పళ్ళు తీసేవారని పరిశోధకుల అంచనా.

కోర్డోబాకు చెందిన అరబ్బు శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ (సుమారు 936–1013) తన వైద్య గ్రంథంలో పంటి పనిముట్లను బొమ్మలతో సహా ఇచ్చాడు. తెలియని మంగళ్ళు తొందరపడి పన్ను విరగ్గొట్టి, వేళ్ళు లోపలే వదిలేసి, ఒక్కోసారి దవడ ఎముకతో సహా లాగేస్తున్నారని ఆయన కోపం. నొప్పి పక్క పంటికి పాకినట్టు అనిపిస్తుంది కాబట్టి అసలు పన్ను ఏదో తేల్చుకున్నాకే చేయి పెట్టమన్నాడు. ఈ సలహాకు నేటికీ కాలం చెల్లలేదు.

మంగళ్ళు, సంతలు, తాళంచెవి

మధ్యయుగపు ఐరోపాలో చదువుకున్న వైద్యులు ఈ పనిని చిన్నచూపు చూసి క్షురకులకు వదిలేశారు. సంతల్లో వేదికలెక్కి, వాయిద్యాల హోరులో రోగి కేక కలిసిపోయేలా పళ్ళు పీకేవాళ్ళూ ఉండేవారు. రష్యా చక్రవర్తి పీటర్ ది గ్రేట్‌కు ఈ పని మీద ఎంత మోజంటే, తానే స్వయంగా పళ్ళు పీకేవాడు. ఆయన తీసిన పళ్ళు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని కున్స్ట్‌కామెరా మ్యూజియంలో ఉన్నాయి. వాటన్నిటికీ నిజంగా జబ్బు చేసిందా అన్నది అడగాల్సిన ప్రశ్నే.

18వ శతాబ్దంలో ‘టూత్ కీ’ వచ్చింది. తాళంచెవిలాంటి ఈ పరికరం కొక్కేన్ని పంటికి తగిలించి, గుండును చిగురుకు ఆనించి తిప్పితే పన్ను పక్కకు ఒరిగి ఊడేది. తరచు దాంతోపాటు ఎముక పెచ్చూ వచ్చేది. 1841లో లండన్ దంతవైద్యుడు జాన్ టోమ్స్, ఒక్కో రకం పంటి మెడకు సరిగ్గా అమరే నోళ్ళున్న పటకారులను (ఫోర్సెప్స్) పరిచయం చేశాడు. నేడు వాడుతున్నవి ఆ వంశానివే.

అంతకు ముందే, 1728లో పారిస్‌లో వెలువడిన పియెర్ ఫోషార్ గ్రంథం దంతవైద్యాన్ని వేరే వృత్తిగా నిలబెట్టింది. పుచ్చుకు కారణం పంటిలో పురుగు అన్న వేల ఏళ్ళ నమ్మకాన్ని ఆయన ఒప్పుకోలేదు. పంటిని కాపాడే దారులు వెతికాడు. ఆ పురుగు మాత్రం అంత తేలిగ్గా చావలేదు. నేలములక గింజల పొగ పట్టి పురుగు రాల్చడమనే వైద్యం మన పల్లెల్లో చాలాకాలం సాగింది.

మత్తు వచ్చాక

1844 డిసెంబర్ 11న అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి, తోటి వైద్యుడు జాన్ రిగ్స్ చేత తన జ్ఞానదంతం తీయించుకున్నాడు. నొప్పి తెలియలేదు. మరుసటి నెల బోస్టన్‌లో చేసిన ప్రదర్శనలో మత్తు చాలక రోగి మూలిగాడు, చూసినవాళ్ళు మోసమన్నారు. వెల్స్ 1848లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన పాత భాగస్వామి విలియం మోర్టన్ 1846 సెప్టెంబర్ 30న ఈథర్‌తో ఒక పన్ను తీసి, అక్టోబర్ 16న బోస్టన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ఈథర్ ఇచ్చి పేరు గడించాడు. మత్తువైద్యం దంతవైద్యుల చేతిలో పుట్టడం యాదృచ్ఛికం కాదు. రోజూ ఆ కేకలు వినేది వాళ్ళే.

1847లో వచ్చిన క్లోరోఫామ్ మరో కథ. పన్ను తీయడం కోసం కొద్దిపాటి మత్తు ఇచ్చినప్పుడు కూడా ఆరోగ్యవంతులు కుర్చీలోనే చనిపోవడం ఐరోపాను కలవరపెట్టింది. ఆ వివాదాన్ని తేల్చడానికి హైదరాబాద్ వేదికైంది. అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో 1888, 1889లలో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ముందు ఆగేది శ్వాసేనని, గుండె కాదని అవి తేల్చాయి. శ్వాసను కనిపెట్టమన్న సలహా మంచిదే కానీ, తీర్పు నిలవలేదు. తేలికపాటి క్లోరోఫామ్ మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అనే వైద్యుడు చూపాడు.

ఈ చిక్కులకు విరుగుడు స్థానిక మత్తు. 1884లో కొకైన్‌తో కింది దవడ నరాన్ని మొద్దుబార్చారు. 1905లో నోవోకైన్, 1948లో నేటికీ వాడే లిగ్నోకైన్ మార్కెట్లోకి వచ్చాయి.

అతి పీకుడు

భయం తొలగిన చోటే అతి మొదలైంది. 1910లో మాంట్రియల్ ఉపన్యాసంలో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్, నోటిలోని కుళ్ళే ఒంట్లోని ఎన్నో రోగాలకు మూలమన్నాడు. ఆ మాట పట్టుకుని కీళ్ళనొప్పులకూ నీరసానికీ వరసపెట్టి పళ్ళు తీసేశారు. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాల అధిపతి హెన్రీ కాటన్ పిచ్చికి మందుగా రోగుల పళ్ళు పీకించాడు, తన కొడుకుల పళ్ళనూ వదల్లేదు. బ్రిటన్‌లో కొన్నిచోట్ల పెళ్ళికి ముందే అమ్మాయి పళ్ళన్నీ తీయించి కట్టుడు పళ్ళు పెట్టించడం, భర్తకు ముందుముందు ఖర్చు తప్పించే కానుకగా సాగింది. హంటర్ సిద్ధాంతం నిలవదని తేలి, రూట్ కెనాల్ చికిత్స మెరుగుపడ్డాక కాని ఊపు తగ్గలేదు. 2000లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్, ఇబ్బంది పెట్టని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయవద్దని సూచించింది.

ఇదే కాలంలో భారతదేశంలో దంతవైద్యం చదువుగా, వృత్తిగా నిలదొక్కుకుంది. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో తొలి దంత కళాశాల నెలకొల్పారు. 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది.

నేటి పద్ధతి, గాయం మానే తీరు

ఇప్పుడు పన్ను తీసేది ప్రధానంగా బాగుచేయలేనంత పుచ్చినప్పుడు, చిగుళ్ళ వ్యాధితో ఎముక కరిగి పన్ను ఆడుతున్నప్పుడు, జ్ఞానదంతం పదేపదే వాస్తున్నప్పుడు, పళ్ళ వరుస సరిచేయడానికి చోటు చాలనప్పుడు. పంటిని ఎముకకు పట్టి ఉంచేది సన్నని నారల పొర. ఎలివేటర్ అనే పరికరంతో ఆ పొరను తెంచి, ఫోర్సెప్స్‌తో పన్నును అటూ ఇటూ ఒత్తుతూ గూటిని వెడల్పు చేస్తారు. బలమంతా లాగడంలో కాదు, ఈ ఒత్తడంలో ఉంటుంది. ఎముకలో కూరుకుపోయిన జ్ఞానదంతాన్ని డ్రిల్‌తో ముక్కలు చేసి తీస్తారు. కింది దవడలో నరం దాని వేళ్ళను ఆనుకుని ఉంటే పెదవి మొద్దుబారే ప్రమాదం ఉంది.

తీశాక గాయాన్ని మాన్చేది గూటిలో గడ్డకట్టిన నెత్తురు. అరగంటకు పైగా గాజుగుడ్డ గట్టిగా కొరికి పట్టుకోమనేది అందుకే. మొదటి 24 గంటలు పుక్కిలించడం, గట్టిగా ఉమ్మడం, స్ట్రాతో తాగడం, బీడీ, సిగరెట్ కూడవు. చల్లారిన పెరుగన్నం, మెత్తని ఇడ్లీ సరిపోతాయి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో మెల్లగా పుక్కిలించవచ్చు. ఆ నెత్తురు గడ్డ ఊడిపోతే రెండు నుంచి నాలుగు రోజుల్లో ఎముక బయటపడి, చెవిదాకా పాకే పోటు మొదలవుతుంది. డ్రై సాకెట్ అనే ఈ స్థితి కింది జ్ఞానదంతాల విషయంలో ఎక్కువ. గాయం కడిగి, తరచు లవంగ నూనెలోని యూజెనాల్ ఉన్న మందు పెడతారు.

చిగురు కొన్ని వారాల్లో మూసుకుంటుంది. లోపలి గూడు ఎముకతో నిండడానికి నెలలు పడుతుంది. ఏడాదిలో ఆ చోట దవడ గట్టు వెడల్పు దాదాపు సగం తగ్గిపోతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఇంప్లాంట్ కావాలనుకునేవారు పన్ను తీయకముందే ఆ సంగతి మాట్లాడుకోవాల్సింది ఇందుకే. రక్తం పలచబరిచే మందులను రోగి సొంతంగా ఆపకూడదు. ఎముకలు గుల్లబారకుండా వాడే బిస్ఫాస్ఫొనేట్ మందులు తీసుకునేవారిలో పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా చచ్చుబడిపోవచ్చని 2003లో తొలిసారి గుర్తించారు. కాబట్టి వాడుతున్న మందుల చీటీ కూడా కుర్చీ ఎక్కేముందే డాక్టరు చేతికి వెళ్ళాలి.