పసివాని భయము: శాస్త్రజ్ఞుల త్రోవలు

చీకటిలో బూచి యున్నదని పసివాడు తల్లి కొంగు పట్టుకొనును. ఆ భయము వాని లోపల పుట్టినదా, వెలుపలనుండి వచ్చినదా? మనస్తత్వశాస్త్రమునందలి మార్గభేదములన్నియు ఈ చిన్న ప్రశ్నయందు కనుపించును.

1879లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాలను నెలకొల్పినప్పుడు, మానవుడు తన అనుభవమును తానే పరిశీలించి చెప్పుట ముఖ్యసాధనముగా నుండెను. పసివాడట్లు చెప్పజాలడు గదా!

1909లో వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఐదేండ్ల బాలుని కథను ప్రకటించెను. ఆ బాలునకు గుఱ్ఱమన్న భయము, వీధిలోనికి పోనొల్లడు. వాని మాటలను తండ్రి వ్రాసి ఫ్రాయిడ్‌నకు తెలుపుచుండెను. బాలుడు నిజముగా వెఱచినది తండ్రికే యనియు, అచేతన మనస్సు ఆ భయమును గుఱ్ఱముపైకి మరల్చినదనియు ఫ్రాయిడ్ నిర్ణయము.

అమెరికాలో జాన్ వాట్సన్ వేఱు త్రోవ త్రొక్కెను. కంటికి కనుపించు ప్రవర్తనయే శాస్త్రమునకు విషయమని ఆయన 1913లో వాదించెను. రోసలీ రేనర్‌తో కలిసి 1920లో ప్రకటించిన ప్రయోగమున, పదునొకండు నెలల శిశువు తెల్లయెలుకను తాకబోవునప్పుడు వెనుకనుండి ఉక్కు కడ్డీని సుత్తితో మ్రోగించిరి. పలుమార్లిట్లు చేయగా శిశువు ఎలుకను చూచినంతనే ఏడ్వసాగెను. కుందేలును చూచియు బెదరెను. ఆ భయమును పోగొట్టకమునుపే శిశువు ఆసుపత్రిని విడిచిపోయెను. జ్ఞానార్జనకై పసివానిని బెదరించు హక్కు ఎవరికి కలదు? నేటి పరిశోధనా నియమములు అట్టి ప్రయోగమును అనుమతింపవు.

నేర్చిన భయమును మరపింపవచ్చునా? 1924లో మేరీ కవర్ జోన్స్ ఇందుకు సమాధానము చూపెను. పీటరను బాలుడు కుందేలుకు వెఱచుచుండెను. వాడు తన కిష్టమైన తిండి తినుచుండగా ఆమె కుందేలును కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చెను. వెఱపులేని పిల్లలను తోడుగా నుంచెను. తుదకు వాడు కుందేలును నిమురజొచ్చెను. 1967లో ఆల్బర్ట్ బందూరాయు, ఆయన సహచరులును మఱియొక సంగతి చూపిరి: తోటి బాలుడు కుక్కతో ఆడుకొనుట పలుమార్లు చూచిన పిల్లలకు కుక్కలయెడ భయము తగ్గెను.

1960లో వోల్ప్, రాక్మన్‌లు ఫ్రాయిడ్ నిర్ణయమును ఖండించిరి. బాలుడు బండిగుఱ్ఱము కూలిపడుట చూచియుండెను. భయమునకు అదియే చాలునని వారి వాదము. కారణమును గూర్చిన వాదములు ఎట్లున్నను, చికిత్స విషయమున జోన్స్ చూపిన త్రోవ నిలిచినది. బెదరిన బిడ్డను పరిహసింపక, బలవంతపెట్టక, తోడుగా నుండి మెల్లమెల్లగా ముందునకు నడిపించుట ఏ తల్లిదండ్రులకైనను సాధ్యమే. బూచి పేరు చెప్పి బెదరించి అన్నము తినిపించుటకంటె అది మేలు.