ఆటస్థలం ఎవరిది: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో క్లబ్బు నుంచి పబ్జీ దాకా

హైదరాబాదు నుంచి జహీరాబాదు మీదుగా ముంబయి వైపు సాగే జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి వరుసగా వస్తాయి. ఈ ప్రాంతం చరిత్ర అనగానే కర్మాగారాలు, భూసేకరణ, చెరువుల కాలుష్యం, వలస కార్మికుల జీవితం గుర్తుకు వస్తాయి గాని, షిఫ్టు దిగిన కార్మికుడు, తరగతి ముగించిన విద్యార్థి ఎక్కడ, ఎవరితో కూడి ఆడుకున్నారన్న విషయం అంతగా చర్చకు రాదు. గత అరవై ఏళ్లలో ఇక్కడి ఆట క్లబ్బు గది నుంచి వీడియో గేమ్స్ పార్లర్‌కు, అక్కడి నుంచి నెట్ సెంటర్‌కు, వసతిగృహానికి, చివరకు చేతిలోని ఫోనుకు చేరింది. ఈ క్రమంలో ఆటగాళ్ల మధ్య సంబంధాలను, వారి నడవడిని, ఆట ఆయుర్దాయాన్ని నిర్ణయించినది ఆట నియమాలు కాదు, ఆటస్థలం ఎవరి అధీనంలో ఉన్నదన్న అంశమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

టౌన్‌షిప్పులు, క్లబ్బులు, ఒక తీర్పు

ఈ ప్రాంతపు పారిశ్రామిక జీవనానికి పునాది వేసినది 1960ల్లో రామచంద్రాపురంలో వెలసిన భెల్ కర్మాగారం. పటాన్‌చెరులో 1972లో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ పుట్టాక ఆ దశాబ్దంలోనూ, తరువాతా పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలు విస్తరించాయి. 1984లో ఎద్దుమైలారంలో, స్థానికులు ఓడీఎఫ్ అని పిలిచే ఆయుధ కర్మాగారం వచ్చింది. వీటిలో ప్రభుత్వరంగ సంస్థలు కర్మాగారంతో పాటు క్వార్టర్లు, పాఠశాల, ఆసుపత్రి, ఆటమైదానం, క్లబ్బు కలిగిన టౌన్‌షిప్పును కూడా నిర్మించగా, ప్రైవేటు పరిశ్రమల వాడల్లో షెడ్లు, రోడ్లు వచ్చాయి గాని నివాసం, వినోదం కార్మికుడి సొంత బాధ్యతగా మిగిలాయి. ఈ తేడా తరువాతి కాలపు ఆటల చరిత్రకు కీలకమైంది.

టౌన్‌షిప్పు తరహా క్లబ్బుల్లో క్యారమ్స్, చెస్, టేబుల్ టెన్నిస్, పేకాట ఆడేవారు సభ్యులు. చందా కట్టేదీ, కార్యవర్గాన్ని ఎన్నుకునేదీ, గొడవపడినవాడిని కొన్నాళ్లు రానివ్వకూడదని తీర్మానించేదీ వారే. ఆటస్థలానికి దాని ఆటగాళ్లతో ఉన్న ఈ సంబంధాన్ని న్యాయస్థానం ఒక సందర్భంలో సూటిగా పరిశీలించింది. సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై 1963లో పోలీసులు నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం కింద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది పట్టాలో ఏది వదలాలో తేల్చుకోవడం వంటి నేర్పు అవసరం కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967 నవంబరులో కోర్టు చెప్పింది. ఈ తీర్పులో ఎక్కువగా ఉదహరించబడే భాగం అదే అయినా, అందులో రెండో ప్రశ్న కూడా ఉంది: క్లబ్బు వసూలు చేసే రుసుము సభ్యులకు కల్పించే వసతికి ప్రతిఫలమా, లేక ఆట మీదనే లాభం గడించే పద్ధతా? మొదటిదైతే నేరం కాదని, యజమాని ఆట నుంచే లాభం తీసే పక్షంలో అది జూదగృహం కావచ్చని కోర్టు విడమరిచింది. అంటే ఆట ఎలాంటిదన్న ప్రశ్నతో పాటు, ఆట జరిగే చోటును నడిపేవారి ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నను కూడా న్యాయశాస్త్రం అరవైల నాటికే గుర్తించింది.

పార్లర్లు, నెట్ సెంటర్లు

తెలుగు పట్టణాల్లో వీడియో గేమ్ ఎనభైల చివర, తొంభైల్లో రెండు రూపాల్లో ప్రవేశించింది. ఒకటి నాణెం వేస్తే నడిచే పెద్ద పెట్టె. రెండవది టీవీకి తగిలించుకునే చిన్న యంత్రం. జపాను సంస్థ నింటెండో 1983లో విడుదల చేసిన యంత్రానికి నకళ్లుగా తయారైనవే ఆ చిన్న యంత్రాల్లో చాలా భాగం. వాటిలో గుచ్చే ఆటల పెట్టెలను పిల్లలు క్యాసెట్లనే పిలిచారు. మారియో ఒకసారికి ఒక్కరే ఆడే ఆట కాగా కాంట్రా ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే తెరపై ఆడేది. తోటివాడి ప్రాణం పోతే తన ఆట కూడా కుంటుపడుతుందన్న అనుభవం, ఆ తరానికి సహకార క్రీడ నేర్పిన తొలి పాఠం. గంటకు ఇంత అని అద్దె తీసుకునే పార్లర్లో ఎవరి వంతు ఎప్పుడో, అల్లరి చేసినవాడిని ఎప్పుడు బయటికి పంపాలో దుకాణదారు నిర్ణయించేవాడు.

దేశంలో 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చాక, తొంభైల చివర నుంచి నెట్ సెంటర్లు వ్యాపించాయి. పరీక్షా ఫలితాలు, ఉద్యోగ దరఖాస్తుల కోసం తెరిచిన ఆ దుకాణాల్లో ఖాళీ వేళల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి తీగలతో కలిపి ఆడే ఆటలు మొదలయ్యాయి. ఒకే గదిలో లేదా భవనంలో ఉన్న కంప్యూటర్లను ఇలా కలిపే అల్లికను లాన్ అంటారు. దీనికి బయటి ఇంటర్నెట్ అవసరం లేదు. 1999లో ఇద్దరు ఔత్సాహికులు హాఫ్ లైఫ్ అనే ఆటను మార్చి రూపొందించిన కౌంటర్ స్ట్రైక్ ఇటువంటి గదుల్లోనే దేశమంతటా ప్రాచుర్యం పొందింది. రెండు జట్లు, ఒక బాంబు, కొన్ని నిమిషాల పోరు. ఓడినవాడు పక్క కుర్చీలోనే ఉంటాడు కనుక తిట్టినా నవ్వినా ముఖం చూసే చేయాలి. ఎదుటివాడు కనిపించే చోట నోటికి సహజంగా పడే ఈ అదుపు, తరువాతి ఆన్‌లైన్ సమూహాలలో ఎందుకు కొరవడిందో అర్థం చేసుకోవడానికి ఈ దశ ఉపకరిస్తుంది.

నెట్ సెంటర్లపై 2011లో కేంద్రం తెచ్చిన నియమాలు గుర్తింపు పత్రం చూపడం, వాడకందారుల వివరాలను ఏడాది పాటు భద్రపరచడం, క్యాబిన్ల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించకపోవడం వంటి షరతులు విధించాయి. ఆ వేళకు ఇంటికే బ్రాడ్‌బ్యాండ్, ఆ తరువాత ఫోనుకే డేటా చేరడంతో ఈ దుకాణాలు క్రమంగా జిరాక్స్, మీసేవ పనులకు మళ్లాయి, లేదా మూతపడ్డాయి.

వసతిగృహాల లాన్

పారిశ్రామిక ప్రాంతపు ఆటల చరిత్రలో తరువాతి అధ్యాయం విద్యాసంస్థలది. ఐఐటీ హైదరాబాదు 2008లో ఎద్దుమైలారంలోని ఓడీఎఫ్ ఆవరణలో తాత్కాలికంగా ప్రారంభమై 2015లో కందిలోని శాశ్వత ప్రాంగణానికి తరలింది. రుద్రారంలో గీతం విద్యాసంస్థ 2009లో తన హైదరాబాదు ప్రాంగణాన్ని తెరిచింది. 

ఇటువంటి ఇంజనీరింగ్ సంస్థల వసతిగృహాలు దేశమంతటా లాన్ ఆటలకు ప్రధాన స్థావరాలయ్యాయి. ఇందుకు సాంకేతిక కారణం ఉంది. ఆటగాడు మీట నొక్కినప్పటి నుంచి ఆ సంకేతం సర్వరుకు చేరి జవాబు తిరిగి వచ్చేదాకా పట్టే కాలాన్ని పింగ్ అంటారు. దీనిని సెకనులో వెయ్యో వంతు అయిన మిల్లీసెకన్లలో కొలుస్తారు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు కనుక, తీగ తిన్నగా ఉన్నా రానుపోనూ 33 మిల్లీసెకన్లకు తగ్గదు, మలుపులు, మధ్యలోని యంత్రాలు కలిస్తే అంతకు రెట్టింపుకు పైగా పడుతుంది. భారతదేశంలో సర్వర్లు లేని రోజుల్లో చాలా ఆటలకు సింగపూరే గతి. వసతిగృహపు లాన్‌లో మాత్రం పింగ్ దాదాపు సున్నా.

అంతకంటే ముఖ్యమైనది స్వపరిపాలన. కౌంటర్ స్ట్రైక్‌లో గాని, వార్‌క్రాఫ్ట్ 3 అనే ఆట ఆధారంగా 2003లో పుట్టిన డోటాలో గాని ఆట నడిపే సర్వరు ఒక విద్యార్థి కంప్యూటరులోనే ఉండవచ్చు. ఏ పటం ఆడాలో, ఎవరిని చేర్చుకోవాలో, మోసం చేసినవాడిని ఎప్పుడు తొలగించాలో ఆడేవారే తేల్చుకునే వీలుంటుంది. క్లబ్బు కార్యవర్గానికి ఈ సర్వరు నిర్వాహకుడు డిజిటల్ వారసుడు. పక్షపాతం చూపితే అతడిని కాదని మరొకరు పక్క గదిలో ఇంకో సర్వరు తెరిచే స్వేచ్ఛ కూడా ఉంది.

పబ్జీ, ఫ్రీ ఫైర్

ప్రైవేటు వాడల్లో అద్దె గదుల్లో ఉంటున్న కార్మికులకు ఈ రెండు ఏర్పాట్లూ అందలేదు. క్లబ్బు టౌన్‌షిప్పుకు, ఆటగాళ్లే నడుపుకునే లాన్ కళాశాలకు పరిమితం. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన శ్రామికులతో పాటు తెలంగాణ పల్లెల యువకులకు కూడా బృంద క్రీడను తెచ్చినది ఫోను. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక డేటా ధర కుప్పకూలింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2015లో ఒక జీబీకి సగటున రూ.226 పడగా 2018 నాటికి అది సుమారు రూ.12కు దిగింది. 2018 మార్చిలో పబ్జీ మొబైల్ వచ్చేసరికి దానికి నేల సిద్ధంగా ఉంది.

వందమంది ఒక దీవిలో దిగి, ఆయుధాలు వెతుక్కుని, క్రమంగా కుంచించుకుపోయే వలయంలో చివరి వరకు నిలిచినవారు గెలిచే ఆట ఇది. నలుగురు కలిసిన జట్టును స్క్వాడ్ అంటారు. మైకులో మాట్లాడుకుంటూ ఆడతారు. తక్కువ సామర్థ్యపు ఫోన్లలో కూడా నడిచే ఫ్రీ ఫైర్‌లో యాభైమంది, సుమారు పది నిమిషాల ఆట. మూడు షిఫ్టుల్లో పనిచేసే ప్రాంతానికి ఈ ఆటలు ఒక విధంగా సరిగ్గా అమరాయి: ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు వంతులవారీగా మారుతుంటే క్రికెట్‌కు పదకొండుమంది కుదరరు గాని, తెల్లవారుజామున గదికి చేరినవానికి కూడా దేశంలో ఎక్కడో మరో ముగ్గురు మేలుకొని ఉంటారు. మైకులో హిందీ, తెలుగు కలగలిసి, పుష్, రివైవ్, లూట్, క్యాంపింగ్ వంటి ఆటమాటలు రెండు భాషలవారికీ ఉమ్మడి సొత్తయ్యాయి.

అదే సౌలభ్యం మరో ఫలితాన్ని కూడా ఇచ్చింది. యంత్రం కూర్చిన అపరిచిత జట్టులో మళ్లీ ఎదురుపడతారన్న లెక్క ఉండదు కనుక తిట్లు, ప్రాంతం మీద ఎగతాళి, ఆడగొంతు వినపడగానే వెకిలి మాటలు పెరిగాయని ఆటగాళ్లే ఫిర్యాదు చేస్తారు. అలవాటైన ఆటగాళ్లు దీనికి కనిపెట్టిన విరుగుడు చిన్న సమూహాలు: పబ్జీలో క్లాన్, ఫ్రీ ఫైర్‌లో గిల్డ్. పేర్లు తెలిసి, మళ్లీ రేపు కలవవలసిన చోట మర్యాద తిరిగి వచ్చింది. ఆన్‌లైన్ అయినందుకే మనుషులు చెడిపోయారన్న వాదన ఈ అనుభవం ముందు నిలవదు. సమూహం కొనసాగుతుందన్న నమ్మకం ఉన్నచోట నడవడి బాగుపడింది. అయితే మోసగాడిని బహిష్కరించే తుది అధికారం క్లాన్ నాయకుడికి లేదు, అది ఆట సంస్థది. ఆటగాడు చేయగలిగింది ఒక రిపోర్టు బటన్ నొక్కడం మాత్రమే.

నిషేధాలు, చట్టం

ఈ బలహీనత 2020లో బయటపడింది. సెప్టెంబరు 2న కేంద్రం భద్రతా కారణాలతో 118 యాప్‌లను నిషేధించగా అందులో పబ్జీ మొబైల్ ఉంది. అక్టోబరు 30తో భారతీయులకు దాని సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలైలో కొరియా సంస్థ క్రాఫ్టన్ దానినే బీజీఎంఐ పేరుతో తిరిగి తెచ్చింది, 2022 జూలైలో అది మళ్లీ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో రోజువారీ సమయ పరిమితులతో తిరిగి వచ్చింది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైంది. నిషేధాల ఔచిత్యం వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది, క్లబ్బు మూతపడినా సభ్యులు చెట్టుకింద ఆడుకోగలరు, నెట్ సెంటర్ మూతపడినా కౌంటర్ స్ట్రైక్ మరో గదిలో నడుస్తుంది, కాని కేంద్ర సర్వరు ఆగితే ఆటా, క్లాన్ జాబితా, సంపాదించిన హోదా ఒక్కసారిగా ఆగిపోతాయి.

చట్టం మాత్రం తొలి నుంచి డబ్బు మీదనే దృష్టి పెట్టింది. 1974 నాటి జూద చట్టాన్ని తెలంగాణ ప్రభుత్వం 2017లో సవరించి ఆన్‌లైన్ రమ్మీని నైపుణ్యపు మినహాయింపు నుంచి తప్పించింది. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీగా ఆడే వీడియో ఆటలను, క్రీడావిభాగంగా గుర్తించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్, సామాజిక ఆటలు, డబ్బు ఆటలు అని మూడు తరగతులు చేసి, మూడవదానిని నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా నిషేధించింది. శిక్ష ఆటగాళ్లకు కాదు, ఆటను నడిపేవారికి, ప్రకటనలు ఇచ్చేవారికి, చెల్లింపులకు తోడ్పడేవారికి. సికింద్రాబాదు క్లబ్బు కేసుతో ప్రముఖమైన నైపుణ్య వాదానికి ఆన్‌లైన్ డబ్బు ఆటల విషయంలో ఆ చట్టంలో చోటు లేకుండా పోయింది.

ఆ తీర్పులోని రెండో ప్రశ్న నుంచి పుట్టే మరో ప్రశ్నకు మాత్రం ఇంకా సమాధానం రాలేదు. ఆటస్థలాన్ని నడిపేవారు ఆటగాళ్లకు ఏమి బాకీ పడతారు? యూబీసాఫ్ట్ సంస్థ ద క్రూ అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసివేశాక ఐరోపాలో మొదలైన ఉద్యమం ఇదే ప్రశ్నను లేవనెత్తి, సేవలు ఆపినా ఆటను ఆడుకోదగిన స్థితిలో వదలాలని కోరుతూ పది లక్షలకు పైగా సంతకాలు సేకరించింది. డబ్బుకూ జూదానికీ సంబంధం లేని ఆటలకు కూడా వర్తించే ఈ కోరిక, పటాన్‌చెరు అద్దె గదుల్లోని ఆటగాళ్లు 2020 అక్టోబరులో ఎదుర్కొన్న పరిస్థితికి నేరుగా సంబంధించినది. సర్వరు నడుపుకునే హక్కు, బహిష్కరణపై అప్పీలు, మూసివేతకు ముందు సమాచారాన్ని వెంట తీసుకుపోయే వీలు అన్నవి క్లబ్బు నిబంధనావళిలో చందా, కార్యవర్గం, సర్వసభ్య సమావేశం పోషించిన పాత్రకు నేటి రూపాలు. ఆన్‌లైన్ సమూహాలను నియంత్రించే చట్టాలలో వీటికి చోటు దక్కేదాకా, ఎన్ని లక్షలమంది ఆడినా ఆ ఆటస్థలంలో ఆటగాడు అతిథిగానే మిగులుతాడు.